హోయ్ ఆన్‌లో చెమట పట్టని సైకిల్ యాత్ర: 10 చిట్కాలు

వియత్నాం వెళ్లినవాళ్లు హోయ్ ఆన్‌లో ఒక రోజు సైకిలెక్కి తీరాలి. ఊరు చిన్నది, నేల చదును, పాతబస్తీ 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అయితే తొక్కితే కాళ్లు నొప్పి, తింటే ఖర్చు. ఆ రెండూ తప్పించుకుని ‘అంతా తిరిగాం, అన్నీ తిన్నాం’ అని స్టేటస్ పెట్టుకోవాలంటే ఈ చిట్కాలు వరసగా పాటించండి.

1. పొద్దెక్కాక లేవండి. తెల్లవారుజామున చల్లగాలికి తొక్కడం నిద్ర విలువ తెలియనివాళ్ల పని. పదకొండున్నరకు బయల్దేరండి. జూన్, జులై అయితే మరీ మేలు. ఆ వేళకు ఊళ్లోవాళ్లు నీడపట్టుకు చేరతారు గనక రోడ్డంతా మీదే. టోపీ, నీళ్ల సీసా అనవసరపు బరువు. విజయవాడ ఎండలో పెరిగినవాళ్లకు ఇదొక ఎండా?

2. చేతికందిన సైకిల్ తీసుకోండి. చాలా హోటళ్లు సైకిళ్లు ఉచితంగానే ఇస్తాయి. ఉచితంగా వచ్చిన దాన్ని పరీక్షించకూడదు. బ్రేకు నొక్కి చూడటం, టైరులో గాలి చూడటం, సీటు ఎత్తు సరిచేయడం అన్నీ చాదస్తాలు. ముందు బుట్ట ఉందా లేదా అన్నదొక్కటే చూడండి. ఆవకాయ సీసా అందులోనే పెట్టాలి.

3. ఎడమ పక్కనే తొక్కండి. వియత్నాంలో బళ్లన్నీ కుడివైపు నడుస్తాయి. మీరు చిన్నప్పటి అలవాటు మార్చుకోవద్దు. అందరూ ఎదురుగానే వస్తారు కాబట్టి వెనక్కి తిరిగి చూసే శ్రమ తప్పుతుంది. స్కూటర్లవాళ్లు గట్టిగా హారన్ కొడితే అది పలకరింపు. హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ ఊపండి.

4. మీ సొన్‌కు బయల్దేరండి. చంపా రాజులు కట్టించిన శివాలయాలు అక్కడున్నాయి. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అక్కడే భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. హోయ్ ఆన్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. గేర్లు లేని సైకిల్ మీద మిట్టమధ్యాహ్నం ఎంత దూరం పోగలిగితే అంతే పోండి. కాళ్లు మొరాయించిన చోట ఏ పాత ఇటుక గోడ కనిపించినా దాని ముందు దణ్ణం పెట్టి ఫొటో దిగండి. మీ సొన్ గుళ్లూ ఇటుకవే, మన బంధువుల్లో పోల్చి చూసేవాళ్లెవరూ లేరు. తిరుగు ప్రయాణానికి ట్రక్కు ఆపి, డ్రైవర్ అడిగినంత ఇచ్చి, సైకిల్‌ను పైకెక్కించండి. చక్రం తిరగకుండా కలిసొచ్చిన ప్రతి కిలోమీటరూ లాభమే.

5. ట్రా క్వేలో మడిలోకి దిగండి. పాతబస్తీకి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కూరగాయల పల్లెను ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. నీటి నాచును ఎరువుగా వేసి తులసి, పుదీనా, కొత్తిమీర పెంచుతారు. కావడికి రెండు డబ్బాలు తగిలించుకుని, రెండు మడుల మధ్య నడుస్తూ రెండు వైపులా ఒకేసారి నీళ్లు చల్లుతారు. గట్టు మీద నుంచి తీస్తే ఫొటో బాగా రాదు. లేత మొక్కల మధ్య నిలబడండి. రైతు చేతులూపుతూ కేకలేస్తే, ఇంకా లోపలికి వెళ్లమంటున్నాడని అర్థం.

6. నలుగురికీ ఒకే గిన్నె చెప్పండి. హోయ్ ఆన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే వంటకం కావ్ లావ్. లావుపాటి నూడుల్స్ మీద పంది మాంసం ముక్కలు, పచ్చి ఆకులు, కరకరలాడే చెక్కలు వేసి, అడుగున కాస్త రసం పోస్తారు. ఆ నూడుల్స్‌కు బా లే అనే పాత బావి నీళ్లే వాడాలని అక్కడివాళ్ల నమ్మకం. గిన్నె రాగానే మీ ఆవకాయ నూనె నిండుగా పోసి కలపండి. ఏ బావి నీళ్లయినా ఆవకాయ ముందు ఒకటే. కొత్త రుచి నచ్చుతుందో లేదోనన్న దిగులు అక్కడితో వదులుతుంది. డబ్బులు తీసుకోకుండా ఇచ్చే ఆకుల పళ్లేన్ని కవర్లో దులుపుకుని ఇంకోటి అడగండి.

7. శాకాహారులు ఏమీ అడగొద్దు. ‘చాయ్’ అని బోర్డున్న శాకాహార హోటళ్లు అక్కడ ఉన్నాయి. చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు. అవన్నీ వెతికే ఓపిక మనకెక్కడిది? పైన ఆకు కనిపిస్తే అది శాకాహారమే. రసంలో చేప వాసన వస్తే సముద్రం దగ్గర్లో ఉందిగదా అని సర్దుకోండి. నూక్ మామ్ అనే చేపల సాస్ చాలా వంటల్లో పడుతుందని ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. తెలియకుండా తిన్నది లెక్కలోకి రాదు.

8. గీచిగీచి బేరమాడండి. తోపుడుబండి దగ్గర బాన్ మీ అనే శాండ్‌విచ్ కొనేటప్పుడు 10,000 డాంగ్‌లు తగ్గించమని అరగంట నిలబడండి. అది మన లెక్కలో 30 రూపాయల పైచిలుకు. గెలిచిన ఊపులో, సున్నాలు లెక్కపెట్టకుండా నీలం నోటు ఒకటి చేతిలో పెట్టి హుందాగా నడిచిపోండి. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే. చిల్లర కోసం నిలబడితే గెలిచిన పరువు పోతుంది.

9. బీచ్‌లో పార్కింగ్ డబ్బు ఎగ్గొట్టండి. ఆన్ బాంగ్ బీచ్ దగ్గర సైకిల్ చూసుకోవడానికి కొద్దిగా డబ్బు అడుగుతారు. సీటు మీద సుద్దముక్కతో నంబరు రాసి, చీటీ చేతికిచ్చే పద్ధతి కూడా ఉంది. ఈ తతంగమంతా మనకెందుకు? కాస్త అవతల కొబ్బరిచెట్టుకు ఆనించండి. తాళం వేస్తే మళ్లీ తీయాలి, వేయొద్దు. తడవకుండా ఫోనూ పాస్‌పోర్టూ బుట్టలోనే పెట్టి నీళ్లలోకి దిగండి. తిరిగొచ్చేసరికి సైకిల్ కనిపించకపోతే హోటల్లో చెప్పాల్సిన మాట ముందే అనుకోండి: ‘మీ సైకిల్‌కు స్టాండ్ సరిగా లేదు, ఎక్కడికో దొర్లిపోయింది.’

10. రాత్రి రివ్యూ రాయండి. చాంద్రమానంలో 14వ రోజు పాతబస్తీలో కరెంటు దీపాలు ఆపేసి లాంతర్లు వెలిగిస్తారు. మీరు గదిలో పడుకునే ‘ఊళ్లో కరెంటు లేదు, తిండికి రుచి లేదు’ అని ఒక్క స్టార్ ఇవ్వండి. ఫోను పోయి ఉంటే పక్కగది వాళ్లది అడగండి.

ఇవన్నీ తప్పకుండా పాటించినవాళ్లకు మర్నాడు అసలు ఫలం దక్కుతుంది. పాస్‌పోర్టు లేదు గనక విమానం ఎక్కనివ్వరు, సెలవు దానంతటదే పొడుగవుతుంది. కొత్త కాగితాల కోసం హనోయ్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి గనక ఇంకో నగరమూ చూసినట్టవుతుంది. ఆఫీసువాళ్లు అడిగితే ప్రభుత్వ పని మీద ఆగానని చెప్పండి. అక్కడ మళ్లీ సైకిల్ దొరికితే ఒకటో చిట్కా నుంచి మొదలుపెట్టండి.