పాలసీలో మోకాళ్ళు లేవు

కంపెనీ నాకు టిక్కెట్టు కొంటుంది. సీటు నేను కొనుక్కోవాలి. ఈ రెండింటికీ తేడా ఏందబ్బా అని మా ట్రావెల్ డెస్క్ పిల్లగాణ్ణి అడిగితే, “టిక్కెట్టంటే విమానం ఎక్కనిస్తారన్నా. సీటంటే యాడ కూచ్చోవల్లనేది” అన్నాడు. వాడిది ప్రొద్దుటూరు. బెంగళూరులో ఏసీ గదిలో కూచుని, దేశం నలుమూలలా ఉన్న మా కంపెనీవాళ్ళను ఏరి ఏరి మధ్య సీట్లలో ఇరికించడం వాడి ఉద్యోగం. నిలబడి పోయే టిక్కెట్టేమైనా ఉందా అని అడగబోయి ఆగాను. ఉంటే ఈపాటికి నాకు అదే బుక్ చేసి ఉండేవాడు.

ఓర్వకల్లు దగ్గర ఎండను కరెంటు చేసే కంపెనీలో నా కొలువు. అక్కడ ఎండకు కొదవ లేదు. దాని లెక్కలు అడిగేవాళ్ళు మాత్రం గురుగ్రామ్‌లో ఉంటారు. ఎండను కొరియర్లో పంపలేం గనక నేనే పోవాలి. విమానం ఉన్న రోజైతే ఓర్వకల్లులోనే ఎక్కుతాను. 2021 మార్చిలో మొదలైన ఆ చిన్న విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అక్కడికొచ్చే ఏటీఆర్ విమానం నాకు ప్రాణం. అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటన్నదే పుట్టలేదు. ఎంత పిసినారి కంపెనీ అయినా లేని సీటు ఇవ్వలేదు కదా.

చిక్కంతా బెంగళూరులో పెద్ద విమానం మారాక. అటు మూడు, ఇటు మూడు. ఢిల్లీకి దాదాపు మూడు గంటలు. వెబ్ చెకిన్ తెరవగానే రంగురంగుల గళ్ళు, ప్రతి గడిలో ఒక రేటు. సినిమా హాల్లో తెర దగ్గరికి పోయేకొద్దీ రేటు తగ్గి నేల టిక్కెట్టవుతుంది, ఇక్కడ పైలట్ దగ్గరికి పోయేకొద్దీ పెరుగుతుంది. పోనీ పైలట్ కనిపిస్తాడా అంటే అదీ లేదు, తలుపేసుకుంటాడు. డబ్బు కట్టనక్కరలేని గళ్ళు ఎక్కడో తోకలో, పాయిఖానా వాసనకు అందేంత దూరంలో, రెండు భుజాల మధ్య ఉంటాయి. సీటునూ సామానునూ తిండినీ టిక్కెట్టు నుంచి విడదీసి విడివిడిగా అమ్ముకోవచ్చని మన పౌర విమానయాన డైరెక్టరేట్ 2013లో అనుమతిచ్చింది. గాలి ఒక్కటి ఇంకా టిక్కెట్టులోనే ఉంది. దాన్ని కూడా గిరగిర తిప్పే మూతలోంచి వదులుతున్నారు గనక, త్వరలో మీటరు పెట్టినా పెడతారు.

చౌక విమానాల్లో ఒక వరుసకూ తర్వాతి వరుసకూ మధ్య దూరం 28 నుంచి 30 అంగుళాలు. అందులో సీటు మందం పోగా మిగిలిందే మనిషికి. మా తాత పొడుగు, మా నాయన పొడుగు, నేనూ పొడుగే. మా వంశంలో తాతల నుంచి తగాదా లేకుండా కిందికి దిగిన ఆస్తి ఈ తొడ ఎముకలే. ఇవి పట్టుకుని ఆ సీట్లో కూచుంటే నా మోకాలు సరిగ్గా ముందు సీటు సంచీలో, వాంతి కవరుకూ ప్రమాద సూచనల అట్టకూ మధ్య ఆనుతుంది. ముందాయన సీటు వెనక్కి వాల్చగానే ఆయన నడుముకీ నా మోకాలి చిప్పకీ మధ్య పలచని రెక్సిను తప్ప ఇంకేమీ ఉండదు. నేను కాలు కదిపితే ఆయన ఉలిక్కిపడతాడు, ఆయన దగ్గితే నాకు తెలుస్తుంది. ఆయన వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తాడు. చేతుల సంగతి చెప్పనక్కరలేదు. కుడివైపు ఆనుడుకర్ర కుడివైపాయనది, ఎడమది ఎడమాయనది. నేను చేతులు కట్టుకుని బెంగళూరు నుంచి ఢిల్లీ దాకా వినయంగా పోతాను.

అందుకే చేతిచమురు వదిలించుకుని ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు కొనడం మొదలుపెట్టాను. అక్కడ కాళ్ళు చాపుకోవచ్చు. అయితే విమానం కదిలే ముందు ఎయిర్‌హోస్టెస్ వచ్చి, ప్రమాదం జరిగితే ఈ తలుపు మీరే తెరవాలి, తెరుస్తారా, మీకు సమ్మతమేనా అని అడుగుతుంది. అంటే అదనంగా డబ్బు కట్టినందుకు వాళ్ళు నాకొక ఉద్యోగం ఇచ్చారు. జీతం లేదు, పైగా ఎదురు డిపాజిట్టు. మా కంపెనీలో ఇంతటి బాధ్యత నా గ్రేడుకు ఎన్నడూ అప్పగించలేదు.

గ్రేడంటే గుర్తొచ్చింది. మా పాలసీ ప్రకారం కాళ్ళు చాపుకునే సీటు నా పై గ్రేడు నుంచి మొదలవుతుంది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా మనిషికి తొడలు పెరుగుతాయని ఆ పాలసీ రాసినవాళ్ళ నమ్మకం. మా బాసు అయిదడుగుల రెండంగుళాల మనిషి, ఆయనకు హక్కుగా ఆ సీటు వస్తుంది. ఒకసారి ఇద్దరం ఒకే విమానంలో పోయాం. ముందు వరుసలో ఆయన కాళ్ళు నేలకు అందక, ఆ విశాలమైన ఖాళీలో ముందుకీ వెనక్కీ హాయిగా ఊగుతున్నాయి. వెనక నుంచి తల వంచి చూస్తే నాకు అదే కనపడింది. తల వంచక తప్పదు, మోకాళ్ళు గడ్డం దగ్గరున్నాయి.

బిల్లు పెట్టి చూశాను. “నాన్ రీయింబర్సబుల్” అని తిరిగొచ్చింది. విచిత్రమేమంటే, ఓర్వకల్లులో విమానం లేని రోజు హైదరాబాదు దాకా 44వ నంబరు హైవే మీద టాక్సీలో పోతే వేలకు వేలు మారు మాట్లాడకుండా ఇస్తారు. పుల్లూరు టోలుగేటు రసీదు కూడా భక్తిగా ఫైలు చేసుకుంటారు. ఆ టాక్సీలో నేనొక్కణ్ణే వెనక సీటంతా కాళ్ళు బారచాపుకుని పోవచ్చు. నేల మీద నా మోకాళ్ళను గుర్తించిన కంపెనీ గాల్లోకి లేచాక గుర్తించదు. ప్రొద్దుటూరు పిల్లగాడు జాలిపడి, “డాక్టర్ సర్టిఫికెట్ పెట్టన్నా, మెడికల్ కింద అడుగుదాం” అన్నాడు. ఏ జబ్బని రాయించాలి? కర్నూలు పెద్దాసుపత్రిలో పొడుగుకు ఏ వార్డు?

అసలు సీటుకు డబ్బు కట్టాలన్న సంగతి చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. టువాలు చాలనే నేర్పారు. బస్సు స్టాండులోకి తిరిగి ఇంకా ఆగకముందే, కిటికీలోంచి టువాలు సీటు మీద పడాలి. పడిందా, ఆ సీటు నీది. నువ్వు నింపాదిగా గోలీసోడా తాగి, మూత్రానికి పోయి, తెలిసినవాడు కనబడితే వాళ్ళ ఊళ్ళో వానల సంగతి విచారించి అప్పుడు ఎక్కవచ్చు. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. అయినా కర్నూలు, నంద్యాల, కడప బస్టాండుల్లో భూమి పాసుపుస్తకం కన్నా టువాలుకే విలువెక్కువ. పాసుపుస్తకం మీద కోర్టుకు పోయినవాళ్ళున్నారు గానీ టువాలు మీద ఎవడూ పోలేదు.

అన్ని గుడ్డలూ టువాలు కావు. చేతిరుమాలు వేస్తే, ఎవరో పారేసుకున్నారు పాపం అని జేబులో పెట్టుకుని కూచుంటారు. దినపత్రిక వేస్తే చదవడానికి తీసుకుంటారు, దాంతోపాటు సీటూ తీసుకుంటారు. టిఫిన్ క్యారియర్ బరువైన సాక్ష్యమే గానీ కిటికీలోంచి వేస్తే సాంబారు వేరే దారి పడుతుంది. చెప్పులు వేసేవాళ్ళుండేవారు. వట్టికాళ్ళతో ఎవడూ దూరం పోడు గనక గట్టి రుజువే. కాకపోతే ఎక్కే తోపులాటలో వెనకబడితే చెప్పులు ఆళ్ళగడ్డ పోతాయి, మనిషి ఇక్కడే కాళ్ళు కాల్చుకుంటూ నిలబడతాడు.

ఇన్నిటికీ మించిన ఆయుధం పిల్లవాడు. కిటికీలోంచి పిల్లవాణ్ణి తలకాయ ముందుగా లోపలికి దూర్చాలి. వాడు ముగ్గురు కూచునే సీటు మీద అడ్డంగా పడుకుని, ఎవరొచ్చినా “ఉండారు, మావోల్లుండారు” అని అరవాలి. మా చిన్నాయన నన్ను ఈ పనికి విరివిగా వాడాడు. భుజాలు కిటికీలో పట్టనంత పెరిగాక నాకు రిటైర్‌మెంట్ ఇచ్చి మా తమ్ముణ్ణి తీసుకున్నారు. పింఛను లేదు.

తగాదాలు లేవని కాదు. ఒకే సీటు మీద రెండు టువాళ్ళు పడితే కిందున్నదానిదే సీటు. ఇది తెలిసిన గడుసువాళ్ళు ముందు పడ్డదాన్ని మెల్లగా ఎత్తి, తమది కింద పరిచి, పైన దాన్ని మళ్ళీ నీటుగా సర్ది పెట్టేవాళ్ళు. తీర్పు కండక్టరుది. ఆయన ఎప్పుడూ ఒకే తీర్పిచ్చేవాడు: “రోంత సర్దుకోండప్పా.” ఒకసారి నంద్యాలలో ఒకాయన బోర్డు చూడకుండా టువాలేసి టీకి పోయాడు. టువాలు డోన్ పోయింది, కడప పోవలసిన మనిషి నంద్యాలలో మిగిలాడు. బస్సు పోయినందుకు కాదు, కొత్త టువాలని ఏడ్చాడు. దీని మీద నేను ఇంకో నాలుగు పేజీలు రాయగలను. అచ్చేసేవాళ్ళకు ఓపిక ఉండాలి గదా.

నవ్వకండి, ఈ పద్ధతి విమానాల్లోనూ నడిచింది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పెట్టినప్పుడు మొదట్లో సీటు నంబర్లు ఉండేవి కావు. బస్సు నుంచి దిగడం, మెట్ల దగ్గరికి పరుగెత్తడం, దొరికిన సీట్లో కూలబడడం. విమానానికి కిటికీలు తెరుచుకోవు గానీ, తెరుచుకుని ఉంటే మావాళ్ళు పిల్లల్ని తీసుకుని పోయేవాళ్ళే. అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానాలూ యాభై ఏళ్ళకు పైగా ఇట్లాగే, ముందొచ్చినవాడిదే సీటు అని నడిపాయి. వాళ్ళు కూడా 2024లో ఇక చాలు, నంబర్లిస్తామని ప్రకటించారు. నంబరంటే ఏమిటి, రేటే.

ఈ సీటు బాధ మంత్రులకు కూడా తగిలింది లెండి. 2009లో కేంద్రం పొదుపు పాటించమని మంత్రులను ఎకానమీలో పొమ్మంటే, శశి థరూర్ దాన్ని పశువుల తరగతి అని ట్విట్టర్లో రాసి నానా మాటలు పడ్డాడు. పశువులతో పోల్చినందుకు అందరూ తిట్టారు గానీ, పశువులను లారీలో ఎక్కించేటప్పుడు కాళ్ళకు చోటు చూస్తారన్న మాట ఒక్కరూ అనలేదు.

మా వైపు విమానం రావడమే గొప్ప, సీటు గురించి సణుగుతావా అంటారేమో. ఒప్పుకుంటాను. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకం మొదలుపెడుతూ, హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానమెక్కాలన్నారు. ఆ రోజే కడప నుంచి హైదరాబాదుకూ జెండా ఊపారు. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు మించకూడదన్నారు. మంచిదే. చెప్పులు విమానమెక్కాయి. వాటిలో ఉన్న కాళ్ళ సంగతే ఎవరూ మాట్లాడలేదు.

మొన్న పాత ఇనప్పెట్టె సర్దుతుంటే మా నాయన టీఏ బిల్లుల నకళ్ళు దొరికాయి. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. నెలనెలా కర్నూలు నుంచి కడపకు క్యాంపు. ఎక్స్‌ప్రెస్ బస్సుకు ఆయన అర్హుడు. పోయింది మాత్రం నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా ప్రతి ఊరి చెట్టు దగ్గరా ఆగే ఆర్డినరీలో. దినభత్యం హోటలుకు పెట్టకుండా, జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ మూటగట్టుకుని పోయేవాడు. ఆ మిగిలిన రూపాయలు బిల్లుల వెనకే పెన్సిలుతో లెక్కరాసి ఉన్నాయి: నోటుపుస్తకాలు, నా పరీక్ష ఫీజు, తమ్ముడి బూట్లు. అవే తొడ ఎముకలు ఆయనవీ. ఆ ఇనుప సీట్ల మధ్య వాటిని ఎట్లా మడిచి పెట్టేవాడో. మోకాళ్ళు నొప్పని ఇంట్లో అనగా నేను వినలేదు. అడిగింది కూడా లేదు. ఆయన ఆఫీసు ప్రయాణంలో మిగిల్చి ఇల్లు నడిపాడు. నేను ఇంటి డబ్బు తీసుకుపోయి ఆఫీసు ప్రయాణం నడుపుతున్నాను. జీతం మాత్రం ఆయనకన్నా నాకే ఎన్నో రెట్లు.

ఈ సంగతి మా అబ్బాయికి చెబితే, మీ కంపెనీ పనికి మీరెందుకు కట్టాలి నాయనా, గట్టిగా అడగండి అన్నాడు. వాడు నాకంటే రెండంగుళాలు పొడుగు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. వాడికి విమానమూ లేదు, బస్సూ లేదు, ఇంట్లో కూచునే పని. నడుము పట్టేస్తోందని ఈమధ్య ఒక పెద్ద కుర్చీ తెప్పించుకున్నాడు. కంపెనీ ఇచ్చిందా అని అడిగాను. ఇవ్వలేదట. పద్నాలుగు వేలు, ఈఎంఐలో కడుతున్నాడు.