మావయ్యగారి తూటాల లెక్క

తాడేపల్లిగూడెములో మా మేనమామగారి యింట రెండు గొట్టముల పన్నెండు బోరు తుపాకి యొకటి గలదు. పూర్వము కొల్లేటి పరజలను వేటాడుటకై వారి తండ్రిగారు కొనిన ఆ యాయుధము, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టి పక్షులను దాని బారినుండి తప్పించగా, 1999లో కొల్లేరే అభయారణ్యమై నీటినిసైతము తప్పించగా, ఎన్నికలు వచ్చినపుడు ఠాణాలో జమ చేయుమను కబురుతో అప్పుడప్పుడు యజమానినికూడ తప్పించుకొని, తక్కిన కాలమంతయు బీరువా ప్రక్కను గోడకు చేరగిలబడి యుండును. లైసెన్సు ఏలూరు కలెక్టరుగారి కాలమునాటిది. 2022లో జిల్లాలు చీలి గూడెము భీమవరపు కలెక్టరుగారి పాలబడుటచే, కదలక కూర్చున్న తుపాకికికూడ బదిలీ యైనది. కొట్టదగినది ఇట్లు తగ్గినకొలది, తూటాల విచారము మాత్రము మావయ్యగారిలో దినదినప్రవర్ధమానమగుచు వచ్చినది.

తూటాల సంఖ్యాశాస్త్రము విపరీతమైనది. నంబరు పెరిగినకొలది గుళ్లు సన్నగిల్లును. ఔన్సునకు ఆరవ నంబరువి సుమారు 270, నాలుగవ నంబరువి 170 పట్టును, ఎస్.జి. యైనచో ఎనిమిది, ఎల్.జి. యైనచో ఆరే. ఆరవ నంబరు పరజకు, నాలుగవది ఎత్తున పోవు పెద్దబాతునకు, ఎస్.జి. అడవిపందికి అని మావయ్యగారు భోజనానంతరము తమలపాకునకు సున్నము రాయుచు విభాగించుచుందురు. అడ్డుప్రశ్న వేయు ధైర్యము అత్తయ్యగారొక్కరికే కలదు.

“ఇంతకీ ఏం కొడదామనండీ?”

“కొట్టడానికి కాదే. ఇంట్లో ఉండాలి.”

ఉన్నవాటి గతి యెట్టిదనగా, తాతగారినాటి అట్ట తూటాలు కొన్ని వానకాలపు చెమ్మకు ఉబ్బి గొట్టములో దిగవు. అత్తయ్యగారు వానిని ఒడియములవలె చాటలో డాబామీద నారబోసి, కాకులు ముట్టకుండ ప్రక్కను కర్ర పెట్టుకొని కూర్చుందురు. తూటాలకు కర్ర కావలి!

ఈ నడుమ మావయ్యగారి దృష్టి ఈశాపూరు కర్మాగారపు 315 రైఫిలుపై బడినది. పోలీసుల 303 పౌరులకు నిషిద్ధము గనుక, దానికి చుట్టమైన యీ 315తోడనే మనవంటివారు తృప్తి చెందవలయును. 2019 నాటి సవరణ ననుసరించి లైసెన్సుదారునకు రెండు తుపాకులు చెల్లును గాన, వారికింక నొక స్థానము ఖాళీగానే యున్నది. రైఫిలు కొనలేదు, దరఖాస్తైనను పెట్టలేదు. కాని దానికి మ్యాగజైను ఒకటి చాలునా, రెండు వలయునా యను మీమాంస సంక్రాంతి మొదలు నడచుచున్నది.

“303లో పది పడతాయిరా అల్లుడూ, మనదాంట్లో అయిదే. రెండుంటేగాని పరువు దక్కదు.”

వారింటి కాఫీ త్రాగుచున్న మొగమాటమున నేను, ఒకటి పోయినను రెండవది యుండును గదా యంటిని. అంతట, రెండును ఒక్కసారే పోయినచో నను శంక వారికి జనించి, లెక్క మూడున కెక్కెను.

మొన్న వారిని ఆటపాకకు తోడ్కొనిపోతిని. చెట్లనిండ గూడబాతులు సంచిమూతులు వ్రేలవైచుకొని నిశ్చింతగా కూర్చుండి యున్నవి. పడవలోనుండి మావయ్యగారు ఒకదానిని తేరిపార జూచి, గంభీరముగ “నాలుగో నంబరు” అనిరి. “టిక్కెట్టాండీ?” అని పడవవాడు విచారపడెను.

ఇంటికి వచ్చినవెంటనే చిట్టీ వ్రాయించిరి: ఆరవ నంబరు 25, నాలుగవ నంబరు 25, ఎస్.జి. 10, మ్యాగజైన్లు 3. అత్తయ్యగారు దాని నందుకొని, అడుగున ఉల్లిపాయలు 5 కిలోలని చేర్చి, పాలేరుచేతి కిచ్చి బజారునకు పంపిరి. లైసెన్సు పుస్తకము చూపనిదే తూటా లెవ్వరు నమ్మరు గాన, వాడు ఉల్లిపాయలు మాత్రమే తెచ్చెను. మావయ్యగారు సంచి విప్పి, ఒక్కొక్కటే చేతబట్టి తూచినట్లు చూచి, “అన్నీ ఆరో నంబరే తెచ్చావేంరా?” అని వానిని కేకలు వేసిరి.