గురక కేసులో కాటా సాక్ష్యం

తినాలంటే సూరత్‌లో తినాలి, పోవాలంటే కాశీలో పోవాలి అని గుజరాతీలకు ఒక సామెత ఉంది. మొదటి పనికీ రెండో పనికీ ఉన్న సంబంధాన్ని సామెత కట్టినవాళ్లు వివరించలేదు, మర్యాదస్తులు. పొద్దున్నే లోచో, దాని మీద ధారగా నూనె. శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడ్వో, ఆ రోజు ఘారీ తినకపోతే ఊరు వెలివేసినట్టు చూస్తుంది. ఘారీ అంటే కోవా, డ్రైఫ్రూట్లు కూరి వేయించి, చాలదన్నట్టు పైన మళ్లీ నెయ్యి పేర్చిన మిఠాయి. ఒళ్లు తగ్గించుకుందామని డుమస్ తీరానికి నడకకు వెళ్లినవాళ్లకు అక్కడ టమాటా భజియా ఎదురొస్తుంది. నడక కరిగించినదాన్ని భజియా అక్కడికక్కడే పూడ్చేస్తుంది. ఇలాంటి ఊళ్లో రాత్రిళ్లు గురక పెట్టి, పగలు కునికిపాట్లు పడేవారికి వీధిలో ప్రతివాళ్లూ ఉచితంగా చెప్పే వైద్యం ఒకటే: 'బొజ్జ తగ్గించు, అదే పోతుంది.' ఇందులో సగం నిజముంది. ఆ మిగతా సగం గురించే నా గొడవంతా.

ముందు జబ్బేమిటో తేల్చుకుందాం. స్లీప్ ఆప్నియా అంటే గురక కాదు. గురక వినిపిస్తోందంటే గాలి కష్టపడుతూనైనా ఆడుతోందన్నమాట. భయపడాల్సింది గురక హఠాత్తుగా ఆగినప్పుడు. గొంతు వెనక గాలి పోయే దారికి ఎముక ఆసరా లేదు. కండరాలు పట్టి ఉంచితేనే అది తెరుచుకుని ఉంటుంది. నిద్రలో అవి సడలుతాయి, దారి మూసుకుంటుంది, ఛాతీ ఎంత ఎగిసిపడినా గాలి రాదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మెదడు ఉలిక్కిపడి కొన్ని క్షణాల పాటు లేపుతుంది. మనిషి ఒక్క గుటక గాలి మింగి మళ్లీ పడుకుంటాడు. పొద్దున్నకు ఏమీ గుర్తుండదు. కనీసం పది సెకన్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా ఒక లెక్క. గంటకు అలాంటివి ఐదు దాటితే జబ్బు, పదిహేను దాటితే మధ్యరకం, ముప్పై దాటితే తీవ్రం. ముప్పై అంటే రెండు నిమిషాలకోసారి. రాత్రంతా ఎవరో రెండు నిమిషాలకోసారి భుజం తట్టి 'పడుకున్నావా?' అని అడిగితే పగలు ఎవరైనా తూగుతారు. పైగా రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది.

బొజ్జ తగ్గించమనేవాళ్ల వాదన ముందు వినాలి, అది బలమైనదే. కొవ్వు బొజ్జ దగ్గరే ఆగిపోదు. మెడ చుట్టూ చేరుతుంది, గొంతు గోడల్లో చేరుతుంది, చివరికి నాలుకలోకీ దూరుతుంది. మనవాళ్లు తరతరాలుగా తిట్టే నోటికొవ్వును అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎంఆర్‌ఐ పెట్టి మరీ కొలిచారు. 2020లో వచ్చిన ఆ అధ్యయనంలో 67 మంది ఊబకాయులు సగటున పది శాతం బరువు తగ్గితే ఊపిరి ఆగడాలు 31 శాతం తగ్గాయి. ఎక్కడి కొవ్వు కరగడం వల్ల ఈ మేలు జరిగిందా అని వెతికితే అన్నిటికంటే ముందు నిలబడింది నాలుకే. మన పురాణాలకు ఇది కొత్త కాదు. సరస్వతి నాలుక మీద కూర్చోబట్టే కదా కుంభకర్ణుడు ఏదో అడగబోయి నిద్ర వరంగా అడిగాడు! నేరం నాలుకదేనని తేల్చడానికి ఎంఆర్‌ఐ కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. బొజ్జ కూడా నిర్దోషి కాదు. వెల్లకిలా పడుకుంటే అది ఊపిరితిత్తులను పైకి నొక్కుతుంది, గొంతును కిందికి లాగి బిగువుగా ఉంచే పట్టు తగ్గుతుంది, దారి ఇంకాస్త వదులవుతుంది.

లెక్కలు కూడా ఈ పక్షానే మాట్లాడతాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 690 మందిని నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించారు. బరువు పది శాతం పెరిగితే ఊపిరి ఆగడాలు 32 శాతం పెరిగాయి, పది శాతం తగ్గితే 26 శాతం తగ్గాయి. ఎక్కడం సులభం, దిగడం కష్టం అన్న సంగతి ఇక్కడా తప్పలేదు. స్వీడన్‌వాళ్లు ఇంకా కఠినులు. 63 మంది ఊబకాయ పురుషులను తీసుకుని, వారిలో సగం మందిని తొమ్మిది వారాల పాటు అతి తక్కువ తిండి మీద ఉంచారు, అందులో ఏడు వారాలు ద్రవాహారమే. వాళ్లు దాదాపు 19 కిలోలు తగ్గారు. గంటకు 37 సార్లు ఆగే ఊపిరి 12కు దిగింది. 2009లో ఈ ఫలితం అచ్చయింది. ఇంత మేలు ఒక మాత్ర చేసి ఉంటే దాన్ని వెండి రేకు చుట్టి ఘారీ పక్కనే అమ్మేవాళ్లం. కాబట్టి బరువు తగ్గడం వైద్యమేనా అని అడిగితే నా జవాబు: ముమ్మాటికీ.

కానీ మన వీధి వైద్యులు 'తగ్గుతుంది' అని ఊరుకోరు, 'పోతుంది' అంటారు. తగ్గడానికీ పోవడానికీ మధ్య ఎంత దూరముందో అదే స్వీడన్ అధ్యయనం చెబుతుంది. అన్నేసి కిలోలు కరిగించిన ముప్పై మందిలో జబ్బు పూర్తిగా పోయింది ఐదుగురికే. అమెరికాలో మధుమేహం ఉన్న 264 మంది మీద మరో పరీక్ష జరిగింది. గట్టిగా పూనుకున్న జట్టు ఏడాదిలో సగటున 10.8 కిలోలు తగ్గింది. వాళ్లలో జబ్బు పూర్తిగా తొలగినవాళ్లు 13.6 శాతం, మామూలు సలహాలు విని ఊరుకున్నవాళ్లలో 3.5 శాతం. నాలుగు రెట్లు మెరుగే, ఒప్పుకుంటాను. కానీ వందలో 86 మందికి జబ్బు ఇంకా మిగిలే ఉంది. పొట్ట శస్త్రచికిత్సల మీద పన్నెండు అధ్యయనాలను కలిపి 2009లో ఒక లెక్క వేశారు. శస్త్రచికిత్సకు ముందు గంటకు దాదాపు 55, తర్వాత దాదాపు 16. కొండంత తగ్గింది. అయినా 16 అంటే మధ్యరకం జబ్బే, పదిహేను గీత దాటే ఉంది. వీళ్లంతా సన్నబడ్డారు, బట్టలు వదులయ్యాయి, బంధువులు అభినందించారు, రాత్రి మాత్రం ఊపిరి ఆగుతూనే ఉంది.

ఎందుకిలా అంటే గొంతు ఇరుకు కావడానికి కొవ్వు ఒక్కటే కారణం కాదు. వెనక్కి ఉన్న దవడ ఉంటుంది, పెరిగిన టాన్సిల్స్ ఉంటాయి, ముదిరే వయసు ఉంటుంది, స్త్రీలలో ముట్లుడిగాక వచ్చే మార్పులు ఉంటాయి, చిన్న అలికిడికే ఉలిక్కిపడి లేచే మెదళ్లు ఉంటాయి. వీటిలో ఏదీ ఉపవాసంతో కరిగేది కాదు. సూరత్‌లో ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ఎవరికీ కష్టం ఉండకూడదు. వజ్రాలు సానపట్టే ఊరిది, రాయిని క్యారెట్లలో తూచి అంతటితో వెల కట్టేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు; కోత చూస్తాడు, రంగు చూస్తాడు, లోపలి మచ్చ చూస్తాడు. మనిషి గొంతు దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాటా ఒక్కటే చాలంటాడు. గొంతును వదులు చేయడంలో మద్యానికీ పెద్ద పేరుంది. ఆ కారణం మాత్రం మనకు వర్తించదు. రాష్ట్రం పుట్టిన 1960 నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కాబట్టి సూరత్‌లో ఎవరూ తాగరు. శనివారం సాయంత్రం, ఆ నిషేధం వర్తించని దమణ్ దారిలో కనిపించే కార్లన్నీ సముద్రపు గాలి కోసమే వెళుతుంటాయి.

కాటాను నమ్మడం వల్ల లావుపాటివాళ్ల కంటే ఎక్కువ నష్టపోయేది బక్కవాళ్లని నా అనుమానం. లింబాయత్ వైపు వెళ్లండి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాల కింద వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు కనిపిస్తాయి. పన్నెండు గంటల షిఫ్టులో సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడి పనిచేసే మనిషికి ఘారీ బొజ్జ ఎక్కడిది? అతను పగలు తూగితే 'నైట్ షిఫ్టు కదా' అంటారు, గురక పెడితే 'అలసిపోయాడు పాపం' అంటారు. సన్నగా ఉన్నాడు కాబట్టి జబ్బు మాటే రాదు. కానీ ముఖం ఎముకల కట్టు ఇరుకుగా ఉండడం వల్ల ఆసియావాసులకు తక్కువ బరువుకే ఈ జబ్బు వస్తుందని వైద్యులు చెబుతారు. మామూలు ఆరోగ్య పరీక్షకు వచ్చిన 35 నుంచి 65 ఏళ్ల పురుషుల మీద ముంబైలో జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. వాళ్లలో 19.5 శాతం మందికి నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉందని, దాంతోపాటు పగటి నిద్రమత్తు కూడా ఉన్నవాళ్లు 7.5 శాతమని తేలింది. వాళ్లు రోగులమని చెప్పుకుని వచ్చినవాళ్లు కారు, కులాసాగా వచ్చినవాళ్లు. ఇక సాంచాల హోరుకు అలవాటుపడ్డ చెవులకు పక్కవాడి గురక ఒక శబ్దమే కాదు. సాక్షి లేని నేరం ఫైలుకెక్కదు.

దీనికి జనం చెప్పే మొదటి అభ్యంతరం తెలుసు: 'బరువు తగ్గాక గురక ఆగింది, ఇంట్లోవాళ్లే చెప్పారు, ఇంకేం కావాలి?' ఇంట్లోవాళ్ల మీద నాకు గౌరవముంది, రాత్రిళ్లు వాళ్లు భరించినదానికి బిరుదులు ఇవ్వాలి. కానీ వాళ్లకు వినిపించేది శబ్దం. శబ్దం తగ్గినా అడ్డంకి కొంత మిగిలి ఉండొచ్చు. పైగా వాళ్లూ నిద్రపోతారు. రెండో అభ్యంతరం ఈమధ్య పుట్టింది: 'ఇంజెక్షన్ వచ్చింది కదా!' వచ్చింది. టిర్జెపటైడ్ మందును 469 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు చెప్పారు. బరువు ఐదో వంతు దాకా తగ్గింది, గంటకు యాభై దాకా ఉన్న ఆగడాలు 25 నుంచి 29 వరకు తగ్గాయి. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఊబకాయులలో ఈ జబ్బుకు మందుగా అనుమతించింది. 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశపు దుకాణాల్లోకీ వచ్చింది. కానీ అదే పరీక్షలో, జబ్బు పోయిందనో, ఇబ్బంది పెట్టనంత స్వల్పంగా మిగిలిందనో చెప్పదగినవాళ్లు 42 నుంచి 50 శాతమే. మందు ఆపితే బరువు తిరిగి వస్తుందని ఆ మందు మీద జరిగిన వేరే పరీక్ష చెబుతోంది. అత్తగారింటికి వెళ్లిన అల్లుడు తిరిగొచ్చినప్పటి బరువు లాంటిదే అది కూడా, కబురు పెట్టకుండా వస్తుంది.

మూడో అభ్యంతరం ఎదుటి దిక్కు నుంచి వస్తుంది: 'పూర్తిగా పోనప్పుడు ఈ తిండి మానే బాధ దేనికి? మిషనే పెట్టుకుంటాం.' సీప్యాప్ మిషన్ గొప్పదే. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ బృందం లోకానికి చూపించిన ఈ పరికరం ముక్కు దగ్గర గాలిని కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. పెట్టుకున్న రాత్రి పనిచేస్తుంది, అటక మీద పెట్టిన రాత్రి పనిచేయదు. అయితే అది చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. మిషన్, బరువు తగ్గడం, ఆ రెండూ కలిపి అని మూడు దారులను పోల్చిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. ఇన్సులిన్ పనితీరు, ట్రైగ్లిజరైడ్లు బాగుపడింది బరువు తగ్గినవాళ్లకే, ఉత్త మిషన్‌తో బాగుపడలేదు. చెప్పినట్టు విన్నవాళ్లలో రక్తపోటు బాగా దిగింది రెండూ చేసినవాళ్లకు. కాబట్టి ఇది మిషన్‌కూ నడకకూ మధ్య పోటీ కాదు, జోడెడ్ల బండి. ఇక తగ్గిన బరువు మళ్లీ వస్తే అంతా వృథాయే కదా అనేవాళ్లకు పైన చెప్పిన 264 మంది పరీక్షే జవాబు. నాలుగేళ్లకు వాళ్లకు సగం బరువు తిరిగి వచ్చింది, కానీ నిద్రలో కలిగిన మేలు చాలావరకు నిలిచింది. పదేళ్ల తర్వాత చూస్తే జబ్బు తొలగినవాళ్లు ఆ జట్టులో 34.4 శాతం, రెండో జట్టులో 22.2 శాతం.

ఇది నవ్వి వదిలేసే జబ్బు కాదు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువాళ్ల చేత చిందులు వేయించిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూసినప్పుడు, ఈ జబ్బునే కారణంగా వైద్యులు ప్రకటించారు. ఆడే సాంచా పక్కన తూగే చెయ్యికీ, హైవే మీద తూగే స్టీరింగుకూ ఏం జరుగుతుందో సూరత్‌కు ఎవరూ వివరించనక్కర్లేదు. అందుకే నా తీర్పు ఇది. బరువు తగ్గండి, అది మంచి మందు. కానీ 'నయమైంది' అని చెప్పే అధికారం కాటాకు లేదు, పక్కింటాయనకూ లేదు. అది మళ్లీ చేయించుకున్న నిద్ర పరీక్షది. ఆ ఫలితం చూసి డాక్టర్ చెప్పేదాకా మిషన్‌ను తీసి పెట్టకండి. సన్నగా ఉన్నాం కాబట్టి మాకేం అనుకునేవాళ్లు కూడా గురక, పగటి మత్తు, నిద్రలో ఉక్కిరిబిక్కిరి ఉంటే పరీక్షకు వెళ్లండి. బట్టల ఊళ్లో టేపుకు కరువు లేదు కాబట్టి ఈ రాత్రే మెడ కొలుచుకోండి. నలభై సెంటీమీటర్లు దాటితే వైద్యుల ప్రశ్నల పట్టికలో అదీ ఒక గుర్తే. కొలిచాక టేపు మడిచి లోపల పెట్టండి, డాక్టర్ నంబరు మాత్రం బయటికి తీయండి.