ఇఫ్‌డెఫ్ గారు

మా ఆఫీసులో ఒక సీనియరున్నారు. అసలు పేరు హెచ్‌ఆర్ వాళ్లకే గుర్తు, మిగతా అందరికీ ఆయన ఇఫ్‌డెఫ్ గారే. సీ ప్రాజెక్టు ఉన్న ప్రతి చోటా ఇలాంటివారొకరుంటారు. మీ దగ్గర లేరంటే సెలవులో ఉన్నారేమో కనుక్కోండి.

విండోస్‌లో టెస్టు ఫెయిలైతే మనబోటివాళ్లం బగ్గెక్కడుందో వెతుకుతాం. ఆయన ఆ టెస్టుపైన ఇఫ్‌డెఫ్, కింద ఎండిఫ్ పెట్టి కాఫీకి వెళ్తారు. తిరిగొచ్చేసరికి అన్నీ పాస్! అసలు కంపైలే కాని టెస్టు ఫెయిలెలా అవుతుంది? కొన్నిచోట్ల ఆయన వైపూ న్యాయముంది. విండోస్‌లో ఫోర్కూ లేదు, సిగ్‌అలారమూ లేదు, టెస్టు మాత్రం ఏం చేస్తుంది పాపం. కానీ ఈయన కూడికల టెస్టునీ వదలరు.

చివర్లో ఎండిఫ్‌లు వరసగా ఐదుంటాయి. ఏది దేనిదో పక్కన కామెంటుండదు. మధ్యలో సోలారిస్ కోసం ఒక ముక్క. మా ఆఫీసు ఏనాడూ సోలారిస్ మిషను మొహం చూడలేదు. తీసేద్దామండీ అంటే, "పడుండనీవయ్యా, అన్నమడుగుతోందా?" అంటారు.

ఓసారి లినక్స్ మాక్రో పేరులో రెండక్షరాలు తారుమారయ్యాయి. ప్రీప్రాసెసరు కిక్కురుమనలేదు. ఆ పేరెవరూ డిఫైన్ చెయ్యలేదు కాబట్టి టెస్టు మొత్తాన్నీ కొట్టిపారేసింది. ఏ ప్లాట్‌ఫారం చూసినా పచ్చ టిక్కులే. ఆ వారం మీటింగులో చప్పట్లు కూడా పడ్డాయి.

మాటతీరూ ఇంతే. పెళ్లికి పిలిస్తే, "ఆదివారమైతే వస్తా, కాకపోతే మా ఆవిడొస్తుంది, ఊరు దాటితే ఎవరం రాం" అంటారు. వెనకనుంచి ఎవడో కుర్రాడు "ఎండిఫ్" అని ముగిస్తాడు.

ఇంతా చేసి, అర్ధరాత్రి విండోస్ బిల్డు పడిపోతే అందరం ఫోన్ చేసేది ఆయనకే. 64 బిట్ విండోస్‌లోనూ విన్32 మాక్రో ఉంటుందనీ, అక్కడ లాంగ్ 4 బైట్లేననీ, 64 బిట్ లినక్స్‌లో 8 అనీ నిద్రమత్తులోనే చెప్తారు. ఒక్కసారీ విసుక్కోరు. అందుకే గట్టిగా ఏమీ అనలేం. సీ న్యూస్ అనే సాఫ్ట్‌వేర్‌ని రకరకాల యూనిక్స్‌ల మీద నడిపిన అనుభవంతో హెన్రీ స్పెన్సర్, జెఫ్ కొలియర్ 1992లో ఇఫ్‌డెఫ్ హానికరమంటూ ఓ వ్యాసం రాశారు. అది ఆయన చేతికిచ్చాను. శ్రద్ధగా చదివి, "నిజమేనోయ్, యూనిక్స్ అయితే" అన్నారు.

గురువుగారూ, ఒక్క విన్నపం. నడవని టెస్టుని మాయం చెయ్యకండి. మెయిన్‌లోంచి 77 రిటర్న్ చెయ్యండి చాలు, ఆటోమేక్ దాన్ని పాసుల్లో కలపకుండా స్కిప్ అని విడిగా చూపిస్తుంది.