నేను పాయింట్ల పుస్తకాన్ని

ఇంగ్లండ్ వాయవ్య తీరాన, మెర్సీ, డీ నదుల మధ్య విర్రల్ ద్వీపకల్పం ఉంది. అక్కడ ఓ గోల్ఫ్ మిత్రబృందానికి నేను పాయింట్ల పుస్తకాన్ని. మావాళ్లకు సొంత మైదానం లేదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నెలకో ఆదివారం, ఏదో ఒక క్లబ్బులో రుసుము కట్టి ఆడతారు. ఆట ముగిశాక కార్యదర్శిగారు తడి బూట్లు విప్పి, టీ కప్పు పక్కన పెట్టుకుని నన్ను తెరుస్తారు. నిలువుగా పేర్లు, అడ్డంగా నెలలు, పేరు పక్కన హ్యాండీక్యాప్, అంటే పద్దెనిమిది హోల్స్ ఆటలో ఆ మనిషికిచ్చే దెబ్బల రాయితీ.

నాలో రాసే లెక్క స్థిరపడింది ఈ చుట్టుపక్కలే. డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ దాన్ని 1898లో వేల్స్‌లోని పెనార్త్ దగ్గర ఒకసారి ప్రయత్నించి చూశారు. 1932 మే 16న వాలసీ క్లబ్బులో పోటీగా నడిపాక అది ప్రపంచమంతా పాకింది. కొట్టిన దెబ్బలన్నీ కూడే పద్ధతిలో, ఐరిష్ సముద్రపు గాలి ఎదురుకొట్టే ఒక్క హోల్‌లో పది దెబ్బలు పడ్డాయంటే ఆ రోజు ఆట పోయినట్టే. డాక్టరుగారు ఆ నష్టానికి హద్దు కట్టారు. పార్‌లో, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల్లో ముగిస్తే రెండు పాయింట్లు, ఒక దెబ్బ ఎక్కువైతే ఒకటి, తక్కువైతే మూడు. మరీ చెడితే సున్నా, అంతకన్నా కిందికి పోదు. బంతిని జేబులో వేసుకుని తర్వాతి హోల్ దగ్గరికి నడవొచ్చు.

హ్యాండీక్యాప్ కలిస్తేనే దీని అందం తెలుస్తుంది. మా బృందంలో హ్యాండీక్యాప్ 5 ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒకరు, 28 ఉన్న ఆసుపత్రి నర్సు ఒకావిడ ఉన్నారు. కష్టంలో ఏడో స్థానమని కార్డులో వేసిన పార్ 4 హోల్‌ను మాస్టారు నాలుగు దెబ్బల్లో ముగించారు. ఆవిడకు ఆరు పట్టాయి. అక్కడ ఆవిడకు రెండు దెబ్బల రాయితీ ఉంది, ఆయనకు లేదు. ఇద్దరికీ చెరి రెండు పాయింట్లు. ఆ రెండు అంకెలూ నా గడుల్లోకి ఒకే గౌరవంతో వస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఏడాది చివర ఇచ్చే కప్పుకు ఏడు ఆటల్లో మంచివి ఐదే లెక్కకొస్తాయి. సమానమైతే ఆరో స్కోరు చూడాలని నా మొదటి పేజీలోనే రాసి ఉంది.

మే నెల ఆట రోజు వాన ఏకధాటిగా కురిసింది. కార్డులు మెత్తబడి, పెన్సిల్ ములుకు తగిలిన చోటల్లా చిరిగాయి. ఆవిడ కార్డులో సున్నాలే ఎక్కువ. పదకొండో హోల్ దగ్గర గ్లవ్ పిండుకుని మళ్లీ తొడుక్కున్నారట. పద్దెనిమిదీ ఆడి, తన స్కోరు రాసిన తోటి ఆటగాడి చేత సంతకం పెట్టించి, తనూ పెట్టి కార్డు ఇచ్చారు. 14 పాయింట్లు. మాస్టారు కూడా చివరిదాకా ఆడారు, కానీ ‘ఇది ఎలాగూ లెక్కలోకి రాదు’ అని కార్డు ఇవ్వకుండా ఇంటికి వెళ్లిపోయారు. అందులో ఎంతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గడి ఖాళీగా ఉండిపోయింది.

జూన్‌లో నైట్ డ్యూటీ వల్ల ఆవిడ రాలేదు. జులైలో వచ్చి 41 కొట్టారు. హ్యాండీక్యాప్ మేరకు ఆడితే 36 వస్తాయి కాబట్టి 41 అంటే పెద్ద మాటే. మా నియమం ప్రకారం గెలిచినవాళ్ల హ్యాండీక్యాప్ రెండు తగ్గుతుంది. కార్యదర్శిగారు 28 కొట్టేసి 26 రాస్తుంటే, ఆవిడ భుజం మీదుగా వంగి చూసి గట్టిగా నవ్వారు. ఆగస్టులో మాస్టారు మనవళ్లతో ఊరెళ్లారు. మిగతా నెలల్లో ఆయన ఆట చాలా నిలకడైనది. నా పేజీల్లో అంత నిలకడ ఇంకెవరికీ లేదు.

అక్టోబరు సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కూడికలు మొదలయ్యాయి. ఆయనకు 37, 36, 35, 34, 33. ఆవిడకు 41, 36, 34, 33, 31. ఇద్దరికీ 175. కార్యదర్శిగారు మళ్లీ కూడారు, మారలేదు. మొదటి పేజీ తిప్పి నియమం చదివి, వేలు మే నెల వరస మీదికి తెచ్చారు. ఒకరికి 14. ఇంకొకరికి ఏమీ లేదు.

అందరికంటే ముందు లేచింది మాస్టారే. ఆవిడ చేయి పట్టుకుని ఊపి, ‘ఆ వానలో మీరు ఇచ్చారు, నేను ఇవ్వలేదు’ అని అందరికీ వినపడేలా చెప్పారు. కప్పు ఆవిడ చేతికి వెళ్లింది. అది చిన్నదే. దాని చుట్టూ చెక్కిన పేర్లలో కొన్నిటి హ్యాండీక్యాప్ 5, కొన్నిటిది 28. చెక్కినప్పుడు మాత్రం ఆ అంకెలు వేయరు. నాలో వేస్తారు, అందుకే అవి నాకు గుర్తు.

ఇప్పుడు నాలో కొత్త పేజీకి గీతలు గీశారు. కొత్తగా ముగ్గురు చేరారు, ఒకాయన హ్యాండీక్యాప్ 54, అంటే ఉండగలిగినంత. మాస్టారు అడిగి మరీ ఆయన్ని తన జట్టులో వేయించుకున్నారు. ఏప్రిల్ ఆటకు మొదటి జట్టు వాళ్లదే.