చిల్లు ఒక్కటే, బిల్లులే వేరు

ల్యాప్‌టాప్ కంపెనీలకు మన మీద ఎంత కరుణో! పాత పలక మూతి యూఎస్‌బీని తిప్పి తిప్పి గుచ్చలేక మనం అలిసిపోతున్నామని జాలిపడి, ఎటు పెట్టినా దూరే టైప్ సీని 2014లో తెచ్చారు. చార్జింగు, డేటా, టీవీకి బొమ్మ, అన్నీ అందులోంచే. ఇక వైర్ల గొడవే ఉండదన్నారు. ఉండదు, నిజమే. వైరు పెట్టడానికి చోటుంటే కదా!

2015 మ్యాక్‌బుక్‌లో ఇయర్‌ఫోన్ రంధ్రం కాక మిగిలింది ఒక్కటే పోర్టు. చార్జింగు పెడితే పెన్‌డ్రైవ్ లేదు, పెన్‌డ్రైవ్ పెడితే చార్జింగు లేదు. మరుసటేడు మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ, కెమెరా కార్డు స్లాటు కూడా ఎగిరిపోయాయి. జనం గోల పెడితే యాపిల్ వారు కరిగి, 19 డాలర్ల కనెక్టర్ ముక్కను కొన్నాళ్లు 9 డాలర్లకే ఇచ్చారు. జేబు కత్తిరించి, సూది దారంలో రాయితీ అన్నమాట. 2021లో హెచ్‌డీఎంఐ, కార్డు స్లాటు రెండూ తిరిగొచ్చాయి, కొత్త సౌకర్యాల హోదాలో. పలక మూతికి మాత్రం ఇప్పటికీ పిలుపు రాలేదు.

మన ఆడిటర్ల ఆఫీసుకు వెళ్లి చూడండి. సొరుగులో క్లయింటు పేరు చీటీ అంటించిన డిజిటల్ సంతకం టోకెన్లు, చాలావరకు పలక మూతివే. బల్ల మీద కొత్త సన్న ల్యాప్‌టాప్, దానికి రెండే సీ పోర్టులు. గడువు చివరి రాత్రి. "బాబూ, ఆ చిన్న ముక్క ఎక్కడ పెట్టావయ్యా?" లక్ష రూపాయల యంత్రం ఆ ముక్క దొరికేదాకా సంతకం పెట్టలేదు.

పోనీ, సీ ఉంటే చాలా? రూపం ఒకటే గానీ గుణం దేనికదే. ఒక పోర్టులో చార్జింగు ఎక్కుతుంది, పక్కదానిలో ఎక్కదు. ఒకటి తెరకు బొమ్మ పంపుతుంది, ఇంకొకటి ససేమిరా అంటుంది. వైర్లూ అంతే. ఫోన్ డబ్బాలో వచ్చిన చాలా చార్జింగు వైర్ల వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 2000 నాటి యూఎస్‌బీ 2.0. వంద జీబీ పెళ్లి వీడియో దానిలో కాగితం లెక్కకే అరగంట. 10 గిగాబిట్ల వైరులో నిమిషంన్నర లోపే. పక్కపక్కన పెడితే ఏది ఏదో పెళ్లికొడుక్కీ తెలియదు, ఫొటోగ్రాఫర్‌కీ తెలియదు.

పేర్లు చూసి పోల్చుకుందామంటే అదింకో ప్రహసనం. 2008లో 3.0గా పుట్టిన 5 గిగాబిట్ల వేగం తర్వాత 3.1 జెన్ 1 అయింది, ఆపై 3.2 జెన్ 1 అయింది. వేగం అంగుళం కదల్లేదు. ప్రభుత్వం మారగానే పాత పథకానికి కొత్త పేరు తగిలించి మళ్లీ రిబ్బను కత్తిరించడం మనకు అలవాటే గనుక మనమేమీ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఐరోపా వారు చట్టం చేశారు. ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్ సీ చార్జింగు తప్పనిసరి. మంచిదే, చార్జర్ల చెత్త తగ్గుతుంది. కానీ ఆ చట్టం పట్టించుకున్నది చార్జింగునే, డేటా వేగాన్ని కాదు.

కాబట్టి కొనేటప్పుడు మొహమాటపడకండి. ప్రతి చిల్లు మీదా వేలు పెట్టి అడగండి: ఇందులో చార్జింగు ఎక్కుతుందా? టీవీకి బొమ్మ వెళ్తుందా? ఎన్ని గిగాబిట్లు? జవాబులు బిల్లు వెనక రాయించుకోండి. రాయనంటే పక్క షాపుకు నడవండి.