సైకిలు కొనేవాళ్లకి తలకిందుల సలహాలు

పాల ప్యాకెట్టుకి, కూరగాయలకి, పిల్లల్ని ట్యూషన్లో దింపడానికి, సాయంత్రం అలా కాలవ గట్టు దాకా వెళ్లి రావడానికి ఒక సైకిలు కావాలి. ఈపాటి అవసరానికి షోరూముకి వెళ్తే మొదటి ప్రశ్న "ఎన్ని గేర్లది చూపించమంటారు సార్?" అని. రెండోది "డిస్కు బ్రేకా, మామూలు బ్రేకా?" అని. మూడోది బడ్జెట్టు. దాని మీద ఏం మోస్తారు, ఎక్కడ ఆపుతారు, పాడైతే ఎవరికి చూపిస్తారు అన్నది మాత్రం ఎవరూ అడగరు.

నేను తెనాలిలో ఇంటి పనులన్నీ సైకిలు మీదే చేసుకుంటాను. ఇప్పటికి మూడు సైకిళ్లు కొన్నాను. మొదటి రెండూ నలుగురూ చెప్పిన పద్ధతిలో కొన్నవి. మూడోది నలుగురూ వద్దన్న పద్ధతిలో కొన్నది. నా దగ్గర నిలిచింది ఆ మూడోదే. అందుకే ఈ సలహాలు వినడానికి తలకిందులుగా ఉన్నా, తొక్కి చూసి చెబుతున్న మాటలు. వారం వారం వంద కిలోమీటర్లు తొక్కేవాళ్లకి కాదు ఇవి. ఇంటి చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలో బతికేవాళ్లకి.

1. ముందు పంక్చరు షాపుకి వెళ్లండి

సైకిలు షాపు సంగతి తర్వాత. మీ వీధి చివర పంక్చరు షాపు ముందు ఒక అరగంట కూర్చోండి. ఆయన టైరు ఊడదీసి, ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తాడు. అక్కడ పుల్లతో గుర్తు పెట్టి, తడి తుడిచి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషను రాసి, అది ఆరేదాకా ఆగి ప్యాచీ అద్దుతాడు. ఆ ఆగడంలో ఉంది పనితనం. తొందరపడి అంటిస్తే ప్యాచీ వారంలో ఊడుతుంది.

ఆయన గోడకి వేలాడే టైర్లు, ట్యూబులు ఏ సైజువో చూడండి. మీరు కొనబోయే సైకిలు ఆ సైజుది అయి ఉండాలి. అన్నీ ఇరవై ఆరు అంగుళాలేగా అనుకోవద్దు. 26 x 1 3/8 టైరు ఎక్కే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. 26 x 1.95 టైరు ఎక్కే రిమ్ము 559 మిల్లీమీటర్లు. పేరు ఒకటే అయినా ఒకదాని టైరు రెండోదానికి ఎక్కదు. వాల్వు కూడా చూసుకోండి. పాత సైకిళ్లకి ఉండే వాల్‌ట్యూబు రకమైతే చేతిపంపు చాలు. మోటారు సైకిలు రకమైతే పెట్రోలు బంకులోనూ గాలి పడుతుంది. మర విప్పి కొట్టాల్సిన సన్న వాల్వు అయితే చిన్న ఊళ్లో గాలికే వెతుక్కోవాలి.

నా మొదటి సైకిలు గేర్లది. బజారులో ఆపితే పక్కకి పడి, వెనక చక్రం దగ్గర గేరు మార్చే భాగం వంకరపోయింది. మా పంక్చరు షాపు బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని సామాను ఇక్కడ దొరకదు సార్, తెప్పించుకోవాల్సిందే" అన్నాడు. అది వచ్చేదాకా మూడు వారాలు సైకిలు వరండాలోనే ఉంది. మన వీధిలో బాగయ్యేదే మన సైకిలు.

2. సంచి చూసుకుని సైకిలు కొనండి

షోరూములో మెరిసిపోయే సైకిళ్లలో చాలావాటికి క్యారియర్ ఉండదు, మడ్‌గార్డులు ఉండవు, ఒక్కోదానికి స్టాండు కూడా ఉండదు. అవన్నీ లేకపోవడమే అందం అంటారు. అప్పుడు కూరల సంచి ఎక్కడ పెట్టాలి? హ్యాండిల్‌కి తగిలించాలి. నేనూ తగిలించాను. మలుపులో సంచి ఊగి ముందు చక్రం చువ్వల్లో పడింది. చక్రం అక్కడికక్కడే ఆగిపోయి, నేను హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద పడ్డాను. మోచెయ్యి మానడానికి నెల పట్టింది. ఆ రోజు నుంచి హ్యాండిల్‌కి సంచి తగిలించిన వాళ్లు కనపడితే ఆపి మరీ చెబుతున్నాను.

జపాన్‌లో ఇళ్లవాళ్లు వాడే సైకిలుని మామాచారి అంటారు. అమ్మ సైకిలు అని అర్థం. ముందు బుట్ట, వెనక క్యారియర్, మడ్‌గార్డులు, గట్టి స్టాండు, వెనక చక్రానికే బిగించిన తాళం, లైటు, అన్నీ దానితోనే వస్తాయి. అక్కడ లక్షల మంది స్టేషనుకీ, అంగడికీ, పిల్లల బడికీ దాన్నే తొక్కుతారు.

అంత దూరం ఎందుకు, మన పాలవాళ్ల సైకిలు చూడండి. వెనక క్యారియర్‌కి రెండు పక్కలా కొక్కేలు, వాటికి క్యాన్లు, రెండు కాళ్ల స్టాండు. బరువంతా కిందికి, చక్రం ఇరుసుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి సైకిలు తూలదు. క్యాన్లకి బదులు రెండు గుడ్డ సంచులు ఊహించుకుంటే సరుకుల సైకిలు ఎలా ఉండాలో తెలిసిపోతుంది.

3. గేర్లు అడక్కండి

పెడలు దగ్గర 44 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీల్, 28 అంగుళాల చక్రాలు ఉన్న సైకిలు, పెడలు ఒక్క చుట్టు తిరిగితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 45 చుట్లు తీరిగ్గా తొక్కినా గంటకి 14, 15 కిలోమీటర్ల వేగం వస్తుంది. కృష్ణా డెల్టాలో, కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల పల్లపు నేల మీద ఇంతకు మించిన గేరు ఎందుకు? ఒక్క గేరు సైకిలుకి చైను కవరు పూర్తిగా వేసుకోవచ్చు. పంచెకీ, చీరకీ, చుడీదారుకీ గ్రీజు అంటదు. వానకి చైను తడవదు, దుమ్ము తక్కువ పడుతుంది.

ఈ సలహా విశాఖలోనో, బంజారాహిల్స్‌లోనో ఉండేవాళ్లకి కాదు. రోజూ ఎక్కాల్సిన ఎత్తు ఉంటే గేర్లు కావాలి. అప్పుడు కూడా ఇరవయ్యొక్కటి అక్కర్లేదు. ముందు ఒక్క చక్రం, వెనక ఆరో ఏడో ఉన్నది చాలు. గేర్లు ఎన్ని ఉన్నాయని కాదు, వాటిలో ఒక్కటైనా ఎత్తు ఎక్కించేంత తేలిగ్గా ఉందా అని చూడండి.

4. వేగాన్నీ బరువునీ పట్టించుకోకండి

రెండు కిలోమీటర్ల దూరంలో రైతుబజారు ఉందనుకోండి. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 8 నిమిషాలు. 20 కిలోమీటర్లతో వెళ్తే 6 నిమిషాలు. మిగిలిన ఆ రెండు నిమిషాలు స్టాండు వెయ్యడానికి చోటు వెతుక్కోవడంలోనే పోతాయి.

బరువు లెక్క కూడా వేసి చూడండి. మనిషి 65 కిలోలు, సైకిలు 20, సరుకులు 10, మొత్తం 95. ఎక్కువ డబ్బు పోసి 16 కిలోల సైకిలు కొంటే మొత్తం 91 అవుతుంది. నూటికి నాలుగు తగ్గిందన్నమాట. ఆ తేడా పందెంలో తొక్కేవాళ్లకి తెలుస్తుంది గానీ బెండకాయలు తెచ్చుకునేవాళ్లకి తెలియదు. పల్చని సైకిలుకి క్యారియర్ మీద పాతిక కిలోల బియ్యం బస్తా వేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. మన ఊళ్లలో ఒకప్పుడు గ్యాసు సిలిండర్లు ఇంటింటికీ సైకిళ్ల మీదే వచ్చేవి. 14.2 కిలోల గ్యాసుతో నిండిన సిలిండరు దాదాపు 30 కిలోలు ఉంటుంది. అవి మోసింది నల్లటి బరువు సైకిళ్లే.

బరువు చూడాల్సిన వాళ్లు ఒక్కరే ఉన్నారు: సైకిలు రోజూ మేడ మీదికి మోసుకెళ్లాల్సినవాళ్లు. షాపులోనే ఎత్తి, పది మెట్లు ఎక్కి చూసుకుని కొనండి.

5. మగవాళ్లూ లేడీస్ సైకిలే కొనండి

ఈ మాట చెప్పినప్పుడల్లా మొహాలు మారతాయి. వెనక క్యారియర్ మీద నిలువెత్తు బస్తా కట్టి ఉంటే కాలు వెనకనుంచి ఎలా తిప్పుతారు? ముందు కడ్డీ ఉంటే దాని మీదుగా కాలు ఎత్తి వెయ్యాలి. వెనక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకున్నా అదే ఇబ్బంది. కడ్డీ కిందికి వంగి ఉన్న సైకిలైతే మెట్టు ఎక్కినట్టు ఎక్కుతాం, దిగుతాం. లుంగీతో, పంచెతో తొక్కొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ తొక్కొచ్చు. పెద్ద లాభం ఇంకోటి ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలునీ అత్తగారూ, కోడలూ, కాలేజీ అబ్బాయీ సీటు ఎత్తు మార్చుకుని వాడుకుంటారు. ఎన్ని పనులకి పనికొస్తుందనే కాదు, ఇంట్లో ఎంతమందికి పనికొస్తుందని కూడా చూడాలి.

6. షాకులు వద్దు, లావు టైర్లు అడగండి

తక్కువ ధర సైకిళ్లకి ముందు బిగించే షాకులు బరువు పెంచుతాయి, తొక్కినప్పుడల్లా పైకీ కిందికీ ఊగి మన బలాన్ని మింగుతాయి, కొన్నాళ్లకి తుప్పు పట్టి బిగుసుకుంటాయి. వాటి మీద బుట్ట బిగించడం కూడా కష్టం. గతుకుల రోడ్డుకి మంచి మందు కాస్త లావు టైరు, అందులో రాయి మాదిరి గట్టిగా కాకుండా సరిపడా గాలి. టైరు పక్కన గాలి ఎంత ఉండాలో అచ్చువేసి ఉంటుంది, చూసుకోండి. ముళ్లలాంటి గట్లున్న టైర్లు మట్టిదారికి. తారు రోడ్డు మీద మోత తప్ప లాభం లేదు.

7. డబ్బు లెక్క వెనకనుంచి వెయ్యండి

పదివేలు పెట్టుకున్నారనుకుందాం. పదివేల సైకిలు చూడకండి. ముందు తాళం, క్యారియర్, బుట్ట, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, పంపు, వీటికి డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానిలో సైకిలు చూడండి. సైకిలుకే అంతా ఖర్చు పెట్టినవాళ్లు తర్వాత కొందాంలే అన్న లైటు కొనరు. చీకటిపడ్డాక లారీ డ్రైవరుకి మీ సైకిలు ఏ కంపెనీదో కనపడదు, ఎర్ర లైటే కనపడుతుంది.

పాత సైకిలు దొరికితే ఇంకా మంచిది. చక్రం ఎత్తి తిప్పి, రిమ్ము రెండు బ్రేకు రబ్బర్ల మధ్య వంకర లేకుండా తిరుగుతోందా చూడండి. పెడలు కాడ పట్టుకుని పక్కలకి ఊపండి, టకటకమనకూడదు. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట పగుళ్లూ తుప్పూ ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. బిల్లు గానీ, అమ్మేవాళ్ల ఇల్లు గానీ చూడకుండా కొనకండి.

8. బ్రేకుల దగ్గర మాత్రం తలకిందులు వద్దు

ఇంతదాకా పాత సైకిలునీ, బరువు సైకిలునీ మెచ్చుకున్నాను. ఈ ఒక్క విషయంలో మెచ్చుకోను. మెరిసే ఇనుప రిమ్ము మీద వాన నీళ్లు పడితే బ్రేకు రబ్బరు జారిపోతుంది, ఆగాల్సిన చోట సైకిలు ఆగదు. అల్యూమినియం రిమ్ము తడిలో అంతకంటే ఎంతో బాగా పడుతుంది. కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఉంటే అక్కడ పెట్టండి. రెండు పక్కలనుంచీ గట్టిగా నొక్కే మామూలు బ్రేకు చాలు. రబ్బర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి. డిస్కు బ్రేకు మంచిదే, కానీ మామూలు క్యారియర్ కొన్నిటికి సరిగా కూర్చోదు, వీధిలో బాగుచేసేవాళ్లు తక్కువ.

9. ఖాళీగా తొక్కి చూడకండి

ఖాళీ సైకిలు ఏదైనా బాగానే ఉంటుంది. ఐదు కిలోల బియ్యం సంచి వెంట తీసుకెళ్లండి. క్యారియర్‌కి కట్టి, స్టాండు వెయ్యండి, తియ్యండి. నడిపిస్తూ మలుపు తిప్పండి. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా చాపుకోవాలి. మునివేళ్లు నేలకి అందాలి. నడుము నిటారుగా ఉండి, వెనక వచ్చే బండిని తల తిప్పి చూడగలగాలి. ఇవన్నీ కుదిరిన సైకిలే తీసుకోండి, రంగు నచ్చకపోయినా సరే.

ఇక హోదా మాట. ఇంత సాదా సైకిలు మీద వెళ్తే జనం ఏమనుకుంటారు అని అడిగేవాళ్లున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడయ్యాక పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్లేవారు. ఆయనకి లేని సిగ్గు మనకెందుకు?

షికారు సంగతి మర్చిపోలేదు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సోలారు పలకల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో మొదలైంది. అలాంటిచోట తొక్కాలని చాలామంది సన్నటైర్ల సైకిళ్లు కొంటున్నారు. వారానికోసారి ఆ దారిలో తొక్కడానికి సరుకుల సైకిలు పనికొస్తుంది, కాస్త నెమ్మదిగా పోతుంది, అంతే. మిగిలిన ఆరు రోజులు కూరల బజారుకి ఆ సన్నటైర్ల సైకిలు పనికిరాదు. సరుకులకి కొన్నది షికారుకి వస్తుంది, షికారుకి కొన్నది సరుకులకి రాదు.

కాబట్టి ఈ ఆదివారం షోరూముకి బయల్దేరకండి. ఒక సంచి పట్టుకుని మీ వీధి చివర పంక్చరు షాపుకి వెళ్లి, "బాబాయ్, మన ఊళ్లో తొక్కడానికి ఏది మంచిది?" అని అడగండి. రోజూ పదుల సైకిళ్లు విప్పి చూసే మనిషి ఆయన.